మెమరీ 8 రెట్లు పెంచా.. బిల్లు మాత్రం పెరగలేదు!

ఫోన్ కెమెరా శాంపిల్ ఫొటోల సైజు తగ్గించడానికి ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో ఓ చిన్న ఫంక్షన్ రాసుకున్నా. డబ్బులు మిగులుతాయి కదా అని మెమరీని కనిష్ఠంగా 128 ఎంబీ దగ్గరే ఉంచా. 12 మెగాపిక్సెల్ ఫొటో వేస్తే చాలు, డీఫాల్ట్‌గా ఉండే 3 సెకన్ల టైమ్‌అవుట్ దాటి ఆగిపోయేది. నేనేం చేశా? టైమ్‌అవుట్ పెంచా! ఫొటో వచ్చింది, కానీ 8 సెకన్లకి. లింక్ పంపిన ఫ్రెండ్స్ అంతసేపు ఆగుతారా? ట్యాబ్ మూసేశారు.

నేను పట్టించుకోనిది ఒకటుంది. లాంబ్డాలో సీపీయూని విడిగా ఎంచుకోలేం. మెమరీ ఎంత పెడితే దానికి తగ్గట్టే సీపీయూ ఇస్తారు. 1,769 ఎంబీ దగ్గర ఒక పూర్తి వీసీపీయూ వస్తుంది. అంటే నా ఫంక్షన్‌కి దక్కింది అందులో దాదాపు 14వ వంతు!

బిల్లేమో మెమరీని సమయంతో గుణించి వేస్తారు. 128 ఎంబీతో 8 సెకన్లంటే 1 జీబీ-సెకను. 1,024 ఎంబీ పెట్టి చూస్తే పని సుమారు ఒక్క సెకనులో అయిపోయింది. అదీ 1 జీబీ-సెకనే! అదే ఖర్చు, వెయిటింగ్ లేదు.

అలాగని పెంచుకుంటూ పోకండి. 3,008 ఎంబీ పెట్టినా నాకు పెద్దగా కలిసిరాలేదు. నా కోడ్ ఒక్క థ్రెడ్‌లోనే నడుస్తుంది మరి, రెండో కోర్ ఖాళీగా కూర్చుంది. వేరే సర్వర్ జవాబు కోసం ఎదురుచూసే ఫంక్షన్లకైతే మెమరీ పెంచడం దండగ.

సరైన సైజు కోసం లాంబ్డా పవర్ ట్యూనింగ్ అనే ఓపెన్‌సోర్స్ టూల్ వాడా. రకరకాల మెమరీ సైజుల్లో మన ఫంక్షన్‌ని నిజంగానే రన్ చేసి గ్రాఫ్ ఇస్తుంది. నిజంగానే అన్నా కదా.. డేటాబేస్‌లో రాసే ఫంక్షనైతే టెస్ట్ డేటాబేస్ పెట్టుకోండి.

తర్వాత ఆర్మ్ ప్రాసెసర్. జీబీ-సెకను రేటు అక్కడ 20 శాతం తక్కువ. కాకపోతే నా ఇమేజ్ లైబ్రరీని ఆర్మ్ కోసం మళ్లీ బిల్డ్ చేయాలి. ఈ వీకెండ్ పని అదే.