చంకలో ఒకరు, కడుపులో ఒకరు

మా చెల్లెలికి ఏడో నెల. దాని పెద్దపిల్ల బుజ్జికి ఇరవై రెండు నెలలు. మొన్న ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి చెల్లెలు పొయ్యి దగ్గర నిలబడి పప్పుకి తాలింపు పెడుతోంది. బుజ్జి వెనకనుంచి వచ్చి నైటీ పట్టుకు లాగి, రెండు చేతులూ పైకి చాచి "అమ్మా, ఎత్తుకో" అంది. పక్క గదిలోంచి మా అమ్మ కేకేసింది: "వద్దమ్మా, పొట్టలో పాపకి నొప్పెడుతుంది." బుజ్జి ఒకసారి అమ్మ ముఖంకేసి, ఒకసారి పొట్టకేసి చూసి, నేలమీద పడి దొర్లి దొర్లి ఏడ్చింది. పొట్టలో ఉన్న పాప ఎవరో దానికి తెలియదు. తనని చంక దింపింది మాత్రం ఆ పాపేనని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

మన ఇళ్లలో ఇలాంటి రోజుల్లో చూపంతా పొట్టమీదే ఉంటుంది. స్కానింగులు, మందులు, తేదీలు అన్నీ దాని చుట్టూనే. కానీ మలిచూలు మోసే తొమ్మిది నెలల్లో కనిపెట్టి చూసుకోవలసిన మనిషి ఇంకొకరున్నారు. ఆ మనిషి ఇంట్లో తప్పటడుగులు వేస్తూ తిరుగుతోంది. ఈ మాట వెనక వైద్యశాస్త్రంలో తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఎత్తుకోవడం సంగతి. రెండేళ్ల పిల్ల ఇంచుమించు 12 కిలోలుంటుంది. కడుపులో బిడ్డ గర్భాశయపు కండరగోడల మధ్య, ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది కాబట్టి పెద్దపిల్ల చంకెక్కినంత మాత్రాన దానికి దెబ్బ తగలదు. ఇబ్బందల్లా తల్లి నడుముకే. పొట్ట పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకు జరుగుతుంది, దాన్ని నిలుపుకోవడానికి నడుము వెనక్కి వంగుతుంది, హార్మోన్ల వల్ల కటి దగ్గరి కీళ్లు కొంత సడలుతాయి. రక్తస్రావం అవుతున్నా, మాయ కిందికి ఉందన్నా, మొదటి కాన్పు నెలలు నిండకుండా అయినా డాక్టరు చెప్పిందే చెయ్యాలి. ఇవేవీ లేనివాళ్లు మోకాళ్లు వంచి, పిల్లని ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తుకోవచ్చు. తల్లి కింద కూర్చుంటే ఇంకా సులువు, పిల్లే ఒళ్లోకి ఎక్కుతుంది. ఆ రోజు మేం అదే చేశాం. చెల్లెలు స్టవ్ కట్టేసి పీటమీద కూర్చుంది. బుజ్జి వెక్కుతూనే వచ్చి ఒళ్లో సర్దుకుంది. "అమ్మకి నడుం నొప్పి, కూర్చుని ఎత్తుకుంటా" అని చెప్పమన్నాను. నిజం కూడా అదే కదా, ఇంకా పుట్టని బిడ్డ మీదికి నేరం నెట్టడం ఎందుకు?

దీనికంటే పెద్ద గొడవ పాల దగ్గర వస్తుంది. నెల తప్పిందని తెలియగానే "ఆ పాలు తాగితే పిల్లకి జబ్బు చేస్తుంది" అంటూ వేపాకు నూరి రాసి, రాత్రికి రాత్రే మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పాలలో విషమేమీ ఉండదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు పాల తయారీని అణచడంతో నాలుగైదు నెలలు వచ్చేసరికి పాలు బాగా తగ్గుతాయి. వాటిలో చక్కెర తగ్గి, ఉప్పు పెరిగి రుచి మారుతుంది. రాబోయే బిడ్డ కోసం రొమ్ము మళ్లీ ముర్రుపాలు తయారుచేయడం మొదలుపెడుతుంది. చాలామంది పిల్లలు ఆ దశలో తమంతట తామే మానేస్తారు. పిల్ల తాగుతున్నప్పుడు ఆక్సిటోసిన్ విడుదలై గర్భాశయం కాస్త బిగుసుకునే మాట నిజమే. అయితే ఆ హార్మోనును అందుకునే గ్రాహకాలు నెలలు నిండేదాకా గర్భాశయంలో తక్కువగానే ఉంటాయి. అందుకే గర్భం ఆరోగ్యంగా సాగుతుంటే పాలివ్వడానికి అభ్యంతరం చెప్పరు. కవలలైతే, రక్తస్రావం కనిపిస్తే, ముందస్తు నొప్పుల భయం ఉంటే మానమంటారు.

మాన్పించాలనుకుంటే మాన్పించవచ్చు, మెల్లమెల్లగా. కానీ ఆ పాల బదులు పిల్ల పొట్టలోకి ఏం వెళుతోంది? ఈ ప్రశ్న అడగని చోట ఎంత నష్టం జరిగిందో ఒక జబ్బు పేరులోనే ఉంది.

జమైకాలో పుట్టి ఇంగ్లండులో వైద్యం చదివిన సిసిలీ విలియమ్స్ 1929లో గోల్డ్ కోస్ట్‌కి, అంటే ఇప్పటి ఘనాకి, డాక్టరుగా వెళ్లారు. అక్రాలో ఆమె దగ్గరికి ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా ఊడి, నల్లటి జుట్టు ఎర్రబారి వచ్చేవాళ్లు. ఎంతోమంది చనిపోయేవాళ్లు. అప్పటి డాక్టర్లకు తెలిసిన జబ్బులలో దేనికీ ఇది సరిపోలేదు. విలియమ్స్ 1933లో దీన్ని వైద్య పత్రికలో వివరించారు. 1935లో లాన్సెట్ పత్రికలో రాసినప్పుడు అక్కడి 'గా' భాషలో తల్లులు వాడే పేరునే వాడారు: క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. తల్లి మళ్లీ గర్భవతి అయింది, చంటిదానికి రొమ్ము మాన్పించారు, మొక్కజొన్న జావ తాగించి పెంచారు. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఊళ్ల ముసలమ్మలకు తెలుసు. విలియమ్స్ గొప్పతనం వాళ్లు చెప్పింది వినడంలో ఉంది.

ఈ కథలో తర్వాతి ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు మారి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. దాన్ని నడిపించిన డాక్టర్ సి. గోపాలన్ ఒక చిత్రమైన విషయం పట్టుకున్నారు. ఒకే రకం తిండి తింటున్న పిల్లల్లో కొందరు ఒళ్లు వాచి క్వాషియోర్కర్ పాలవుతున్నారు, కొందరు వాపు లేకుండా ఎండి ఎముకల గూళ్లవుతున్నారు. ప్రొటీను ఒక్కటే తక్కువైతే ఇలా జరగకూడదు. అసలు ఆ పిల్లలకు తిండే మొత్తంగా చాలడం లేదని ఆయన వాదించారు. పిల్ల పొట్ట చిన్నది. పలచటి జావ, చారన్నంతో అది నిండిపోతుంది కానీ అందులో శక్తి ఉండదు. ఇందుకు విరుగుడుగా ఆ సంస్థ తయారుచేసిన పొడికి హైదరాబాద్ మిక్స్ అనే పేరు వచ్చింది. అందులో ఉన్నవి వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లం. అన్నీ మన వంటింటి డబ్బాల్లో ఉండేవే. అంగన్‌వాడీల్లో మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం కూడా ఇలాంటి పొడే.

ఒళ్లు వాచిపోయే పిల్లలు ఈనాడు మనకు అరుదుగానే కనిపిస్తారు. కానీ వేవిళ్లతో తల్లి మంచంమీద ఉంటే పెద్దపిల్ల పొద్దున్న రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిని రోజు గడపడం ఎన్ని ఇళ్లలో చూడలేదు? నెయ్యి వేసి మెత్తగా కలిపిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, అరటిపండు, గుప్పెడు వేరుశనగల పొడి. రోజుకి ఐదుసార్లు, కొంచెం కొంచెం. ఇది తల్లి కాక మరొకరు చేయగల పని.

ఇక తల్లి ఒంటి సంగతి. కాన్పుకీ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి తల్లి ఒంట్లో నిల్వలు ఒక ముఖ్య కారణం. ఒక్క గర్భానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే గర్భిణులకు 180 రోజులపాటు, రోజుకి 60 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్ర ఇస్తారు. తప్పకుండా వేసుకోవాలి.

ఆ మాత్ర గురించి ఇంకో మాట చెప్పాలి, దయచేసి జాగ్రత్తగా చదవండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర ఎర్రగా, పైన తీపి పూతతో, అచ్చం చాక్లెట్ బిళ్లలా ఉంటుంది. పిల్ల ఒంటి బరువులో కిలోకి 60 మిల్లీగ్రాముల ఇనుము దాటితే ప్రాణానికే ముప్పు. 12 కిలోల పిల్లకి అది లెక్కకు 12 మాత్రలు, అంతకంటే చాలా తక్కువ మింగినా ఆసుపత్రి పాలవుతుంది. కెనడాలోని ఒంటారియోలో పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఇనుము విషమై ఆసుపత్రిలో చేరే పసిపిల్లల ముప్పు తమ్ముడో చెల్లెలో పుట్టే రోజుల చుట్టూ పెరిగిందని తేలింది. తల్లికి మాత్రలు ఇచ్చే కాలమూ, పెద్దపిల్ల మీద కన్ను తప్పే కాలమూ ఒకటే కావడంతో ఇలా జరుగుతుంది. మింగిన పిల్ల వాంతులు చేసుకున్నాక కొన్ని గంటలు తేరుకున్నట్టు కనిపించవచ్చు. అది చూసి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా చెల్లెలి మాత్రలు దిండు పక్కన ఉండేవి. ఆ ఆదివారమే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఎంగిలి సంగతీ చెప్పాలి. పిల్లల ఎంగిలి ఎంగిలి కాదంటారు, పిల్ల వదిలేసిన ముద్దలు తల్లే తినేస్తుంది. పసిపిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగలో వైరస్ నెలల తరబడి ఉండవచ్చు. పిల్లకి ఏ లక్షణమూ ఉండదు. అదే వైరస్ గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకు చేరితే వినికిడి పోయే ప్రమాదం ఉంది. మన దేశంలో చాలామంది స్త్రీలకు చిన్నతనంలోనే ఇది వచ్చి పోయి ఉంటుంది కనుక ముప్పు తక్కువే, కానీ పూర్తిగా లేకుండా పోదు. పిల్ల స్పూను వేరు, తల్లి స్పూను వేరు. ముద్దు నుదుటిమీద. డైపరు మార్చాక, ముక్కు తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అంతే.

ఇక మనసు. 1960ల చివర్లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు తల్లి దగ్గర లేని రోజుల్లో కొందరు పసిపిల్లలు ఎలా ఉన్నారో సినిమాలు తీశారు. ఆ పిల్లలందరి తల్లులూ రెండో కాన్పుకి ఆసుపత్రికి వెళ్లినవాళ్లే. జాన్ అనే 17 నెలల పిల్లవాణ్ణి తొమ్మిది రోజులు ఒక శిశు సంరక్షణాలయంలో ఉంచారు. నర్సులు మంచివాళ్లే, కానీ పూటకొకరు మారేవాళ్లు. మొదట్లో ఎవరో ఒకరి ఒళ్లోకి చేరాలని చూసిన జాన్, కుదరక, తిండి మానేసి, పెద్ద ఎలుగుబంటి బొమ్మని వాటేసుకుని పడుకునేవాడు. చివరికి తల్లి వచ్చినప్పుడు అరిచి, ఆమెకేసి చూడకుండా ముఖం తిప్పేసుకున్నాడు. జేన్ అనే పాపకీ 17 నెలలే. ఆమెని రాబర్ట్‌సన్ దంపతులే పది రోజులు తమ ఇంట్లో పెట్టుకున్నారు. ముందే రాకపోకలు జరిపి అలవాటు చేసుకున్నారు, ఆమె తినే తిండి, నిద్రవేళలు తెలుసుకున్నారు. జేన్ కూడా తల్లికోసం బెంగపడింది, కానీ జాన్‌లా కుంగిపోలేదు.

మనం కాన్పు రోజున పెద్దపిల్లని హడావుడిగా అమ్మమ్మగారింటికో, మేనత్త ఇంటికో పంపేస్తాం. పంపడంలో తప్పులేదు, ఆ ఇల్లు పిల్లకి ముందే అలవాటై ఉంటే. ఐదో నెల నుంచీ వారానికో రాత్రి అక్కడ పడుకోనివ్వండి. పక్క మార్చాలన్నా, బడికి పంపాలన్నా, కాన్పుకి నెలల ముందైనా చేయండి, లేదా పాప పుట్టాక కొన్నాళ్లు ఆగండి.

జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే పరిశోధకులు కేంబ్రిడ్జ్‌లో 40 కుటుంబాలను రెండో బిడ్డ పుట్టకముందు, పుట్టాక గమనించి 1982లో పుస్తకం రాశారు. తల్లి చంటిబిడ్డ పనిలో ఉన్నప్పుడు పెద్దపిల్లల అల్లరి పెరిగేది. చంటిబిడ్డ కూడా ఒక మనిషే అన్నట్టు "చూడు, వాడికి ఆకలేస్తున్నట్టుంది, ఏం చేద్దాం?" అని తల్లులు మాట్లాడిన ఇళ్లలో పెద్దపిల్లలు ఆ తర్వాత కూడా చిన్నవాళ్లతో స్నేహంగా ఉన్నారు. తండ్రికి బాగా చేరికైన పిల్లలకు తల్లితో గొడవలు అంతగా పెరగలేదు. పక్క తడపడం, మానేసిన సీసా మళ్లీ అడగడం లాంటివి కొందరు పిల్లలు చేస్తారు, కొన్నాళ్లకు పోతాయి. కొట్టకండి.

తండ్రులకు ఒక విన్నపం. పెద్దపిల్లకి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, జోకొట్టి పడుకోబెట్టడం ఈ రోజే మొదలుపెట్టండి. మొదటి వారం అమ్మే కావాలని ఏడుస్తుంది, ఓపిక పట్టండి. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చే రాత్రికి మీ భుజంమీద తల పెట్టుకుని నిద్రపోవడం ఆ పిల్లకి అలవాటై ఉండాలి.