కథ ముగిసిన పిదప పాత్ర

కథ ముగిసినచో అందలి పాత్రయు ముగియవలెనా? వీడియో ఆటలయందు ఆసక్తిగల నేటి యువకులకు ఇది చిన్న ప్రశ్న కాదు. వారికి క్రేటోస్ అను వీరుడొకడు గలడు. 2005 లో వెలువడిన 'గాడ్ ఆఫ్ వార్' అను ఆటలో గ్రీకు దేవతలపై పగబూనిన యోధుడాతడు. 2010 నాటి మూడవ ఆటతో ఆ పగ తీరినది, చంపదలచినవారెల్లరు చచ్చిరి. అయినను 2018 లో ఆతడు ఉత్తర ఐరోపా పురాణములలో, నెరసిన గడ్డముతో, చిన్న కుమారుని వెంటబెట్టుకొని మరల ప్రత్యక్షమయ్యెను. పాతపగను తిరుగదోడలేదు. తండ్రియైనవాడు తన గతమును కొడుకునకెట్లు చెప్పుకొనునన్నదే క్రొత్త కథ. ముగిసినదానిని ముగిసినదిగనే యుంచి, దాని బరువును పాత్రచే మోయించుట ఇందలి నేర్పు.

కరీంనగరు ప్రాంతమున ఒగ్గుకథ విన్నవారికి ఈ ప్రశ్నయే తోపదు. ఒగ్గు అనగా శివుని డమరుకము. దానిని మ్రోగించుచు కథ చెప్పువారు ఒగ్గువారు. వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు ఎల్లమ్మ కథ చెప్పుటలో ప్రసిద్ధుడు. కన్నకొడుకు చేతనే రేణుక తల తెగునని, ఆమె మరల ఎల్లమ్మయై వెలయునని ఎరుగనివారు ఆ సభలో నుండరు. అయినను తెల్లవారుదాక కూర్చుందురు. తరువాత నేమి జరుగునో తెలిసికొనుటకు కాదు. ఆమె వారి ఇంటి వేల్పు. మల్లన్న పెండ్లియు నంతే. నేలపై రంగుపొడులతో పట్నము వేసి ఏటేట చేయుదురు. జరిగిన పెండ్లి మరల నేలయని ఎవ్వరైన అడిగిరా?

ఆదిలాబాదు అడవులలో మాత్రము చిక్కు వేరు. అచటి వీరుడు కల్పితుడు కాడు. నిజాము ప్రభుత్వపు అటవీ అధికారులు పోడు భూములనుండి గోండులను వెడలగొట్టుచుండగా ఎదిరించిన కొమరం భీము 1940 లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో మరణించెను. ఆ పిమ్మటనే హైమెన్‌డార్ఫ్ పండితుడు వచ్చి మార్లవాయిలో నివసించి గోండుల స్థితిగతులను పరిశీలించెను. సాహు, అల్లం రాజయ్యలు భీముపై నవల వ్రాసిరి. అల్లాణి శ్రీధర్ చలనచిత్రము తీసెను. వీరు ఆ పోరాటమునే చెప్పిరి.

2022 లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' త్రోవ మార్చినది. భీముని ఢిల్లీకి పంపి, ఆతడెన్నడును కలిసికొనని అల్లూరి సీతారామరాజుతో చెలిమి కల్పించి, ఆంగ్లేయులపై నడిపినది. ముగింపు తరువాత చోటులేనందున ముందున్న ఖాళీలో కథ కట్టిరి. కల్పన కల్పనయేయని చిత్రము వారు దాచలేదు. వినోదముగ నది రక్తి కట్టినది కూడ. కాని ఈ చిత్రమున నిజాము లేడు, అటవీ చౌకీ లేదు, భూమి తగవు లేదు. క్రేటోసును ఏ దేశమునకు పంపినను అడుగువారుండరు. భీము కోరిన భూమి మాట నేటికిని అచటి గూడెములలో తెగలేదు. పేరు ప్రపంచమంతట మ్రోగి, పోరిన కారణము మాసిపోయినచో, నిలిచినది భీము అనవచ్చునా?

గోండులు మాత్రము ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు జోడేఘాట్ చేరి ఆతని వర్ధంతి జరుపుదురు. 2016 లో అచట స్మారక ప్రదర్శనశాల వెలసినది. ఆ యేడే ఆసిఫాబాదు జిల్లాకు ఆతని పేరు పెట్టిరి.