లిఫ్టు కింద జంట బ్రేకులు

తాడు తెగితే లిఫ్టు పాతాళానికేనని చాలామంది భయం. 1854లో ఎలిషా ఓటిస్ న్యూయార్కు ప్రదర్శనలో, తాను నిలబడ్డ లిఫ్టు తాడును అందరి ఎదుటా కోయించాడు. లిఫ్టు కాస్త జారి ఆగిపోయింది!

నేటి లిఫ్టు గది రెండు ఉక్కు పట్టాల మధ్య నడుస్తుంది. వేగం హద్దు మీరగానే గవర్నరనే చక్రం తన సన్నతాడును బిగబడుతుంది. ఆ తాడు ఒక పక్కనే ఉంటుంది. బ్రేకులేమో రెండు పక్కలా. మరి రెండోదానికి కబురెవరు చెప్పాలి? గదికి అడ్డంగా బిగించిన ఇనుప కడ్డీ. తాడు మీటను లాగితే కడ్డీ తిరుగుతుంది, రెండు పక్కల ఉక్కు దవడలూ ఒక్కసారే పట్టాలను కరుస్తాయి.

ఒకటి ముందు, ఒకటి వెనక పట్టిందనుకోండి. కావడిలో ఒక బుట్ట ముందే నేలకు తగిలితే బద్ద ఒరిగినట్టు గది ఒరుగుతుంది, భారమంతా ఒకే దవడ మీద పడుతుంది. బరువు సమంగా ఉన్నప్పుడు నేల వాలు 5 శాతం మించరాదని యూరోపు ప్రమాణం.

కడ్డీ కీళ్ళు తుప్పు పట్టినా, ఒక పక్క సందు ఎక్కువైనా ఇదే గతి. కనుక మీ మేడకు వచ్చిన మెకానిక్‌ను తలుపు, దీపం చూసి పోనివ్వకండి. రెండు బ్రేకులూ కలిసి పడుతున్నాయా అని అడగండి. బ్రేకు పడిన లిఫ్టును గదిని పైకెత్తే విడిపించాలి, అది మెకానిక్ పని. లోపలున్నవారు తలుపులు పెకలించకుండా గంట మోగించి వేచి ఉండాలి.