మిషన్ చేసి పెట్టదు: మేకర్‌స్పేస్‌పై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ మొదలైనప్పుడు పేపర్లలో, టీవీల్లో వచ్చిన ఫొటోలు చాలామందికి గుర్తుండిపోయాయి. 78,000 చదరపు అడుగుల భవనం, వరసగా పెద్ద పెద్ద మిషన్లు. తెలంగాణ ప్రభుత్వం అంత పెద్ద ఎత్తున ప్రోటోటైపింగ్ కేంద్రం పెట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే మేకర్‌స్పేస్ అనగానే కోట్ల ఖర్చు, ఇంజినీర్లు, స్టార్టప్‌లు అనే ముద్ర కూడా అప్పుడే పడిపోయింది. నేను పనిచేసేది అంత పెద్దది కాదు. రెండు గదులు, వెనకాల ఒక షెడ్డు. త్రీడీ ప్రింటర్లు, ఒక లేజర్ కట్టర్, చిన్న లేత్, డ్రిల్లింగ్ మిషన్, కుట్టుమిషన్లు, సోల్డరింగ్ బల్ల, గోడ నిండా చేతి పనిముట్లు. సభ్యత్వం కట్టినవాళ్లు వచ్చి తమకు కావాల్సింది తామే చేసుకుంటారు. వాళ్లకు నేర్పడం, వాళ్ల పక్కన నిలబడడం నా ఉద్యోగం. అక్కడ రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

“ఫైల్ పంపిస్తాను, సాయంత్రానికి చేసి పెట్టండి”

అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. ఇలా చేసిపెట్టే చోట్లు ఉన్నాయి. బాలానగర్ వెళ్తే జాబ్‌వర్క్ చేసేవాళ్లు మీ డ్రాయింగ్ చూసి, రేటు చెప్పి, మాకంటే వేగంగా, మాకంటే బాగా చేసి ఇస్తారు. వాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం. మేకర్‌స్పేస్ పని వేరు. ఇక్కడ చెయ్యాల్సింది మీరు.

మొన్నామధ్య రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు విరిగిన మిక్సీ నాబ్ పట్టుకుని వచ్చారు. కంపెనీ ఆ మోడల్ ఆపేసిందట. “ఇలాంటిదే ఒకటి ప్రింట్ చేసి ఇవ్వమ్మా” అన్నారు. ఆయన చేతికి వెర్నియర్ క్యాలిపర్ ఇచ్చాను. మిక్సీ ఇరుసు గుండ్రంగా ఉన్నా ఒకవైపు చదునుగా కోసి ఉంటుంది. గుండ్రటి వైపు కొలిస్తే 6 మిల్లీమీటర్లు, చదును దగ్గర కొలిస్తే 4.5. “ఆరే కదమ్మా, ఆరే పెట్టేద్దాం” అన్నారు. పెట్టనిచ్చాను. ప్రింటైన నాబ్ ఇరుసు మీదికి దిగలేదు. కరిగిన ప్లాస్టిక్ రంధ్రం లోపలి వైపుకి కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఆరు అని గీస్తే ఆరు రాదు. ఆయన నాబ్‌ను వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ కొలిచి, రంధ్రం 6.2 చేశారు. ఈసారి దిగింది కానీ చదును వైపు వదులైంది. ఆ ఒక్క వైపు సరిచేసి మళ్లీ ప్రింట్‌కి పెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని నేను చేసి ఉంటే పది నిమిషాల పని. ఆయనకు మధ్యాహ్నమంతా పట్టింది. వెళ్లేటప్పుడు మాత్రం ఇంట్లో గ్యాస్ స్టవ్ నాబ్ కూడా కొలుచుకొస్తానన్నారు. స్టవ్ వేడికి ఈ ప్లాస్టిక్ ఆగదని చెప్పాల్సి వచ్చింది.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ఎదుటివాళ్లు తప్పు కొలత పెడుతున్నారని తెలిసినా, ప్రమాదం లేనంత వరకు చేతులు కట్టుకుని నిలబడాలి. లాక్కుని చేసేద్దామని రోజూ అనిపిస్తుంది. చేసేస్తే ఆ మనిషి మళ్లీ నా దగ్గరికే రావాల్సి వస్తుంది.

“త్రీడీ ప్రింటర్ ఉంటే ఏదైనా వచ్చేస్తుంది”

ప్రింటర్ చేసేది ప్లాస్టిక్ తీగను 200 డిగ్రీల దగ్గర కరిగించి, పొర మీద పొర పరచడం. పొర మందం సాధారణంగా 0.2 మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల ఎత్తున్న నాబ్‌కి వంద పొరలు కావాలి. హెల్మెట్ అంత వస్తువు పెడితే రాత్రంతా నడుస్తుంది, మొదటి పొర సరిగా అంటుకోకపోతే తెల్లారేసరికి బెడ్ మీద ప్లాస్టిక్ పీచు కనిపిస్తుంది. వానాకాలంలో తీగ గాలిలోని తేమ పీల్చుకుని, నాజిల్ దగ్గర చిటపటలాడుతుంది. ప్రింట్ గరుకుగా వస్తుంది. అందుకే తీగచుట్టల్ని సిలికా జెల్ వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెడతాం.

ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీలకు మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండ్ చేసి పెట్టుకున్నవాళ్లు వంగిపోయిన స్టాండ్‌తో తిరిగి వస్తుంటారు. మొక్కజొన్న పిండితో చేస్తారు కాబట్టి మట్టిలో కలిసిపోతుందనే మాట కూడా సగమే నిజం. అది కుళ్లాలంటే దాదాపు అదే 60 డిగ్రీల వేడిని వారాల తరబడి నిలిపే పారిశ్రామిక కంపోస్టు కావాలి. పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పాడైన ప్రింట్లను చెత్తబుట్టలో వేసేవాళ్లకు నేను ఇది పదేపదే చెప్తాను. ముందు సరిగ్గా కొలవడం ఒక్కటే ఆ చెత్తను తగ్గిస్తుంది.

“గ్లవ్స్ వేసుకున్నాను కదక్కా, ఏం కాదు”

గ్లవ్స్ వెల్డింగ్‌కి కావాలి, పదునైన రేకు పట్టుకోవడానికి కావాలి. లేత్ దగ్గర, డ్రిల్లింగ్ మిషన్ దగ్గర వాటంత ప్రమాదం ఇంకోటి లేదు. నిమిషానికి 1,000 చుట్లు తిరిగే చక్ సెకనుకు 16 చుట్లకు పైగా తిరుగుతుంది. గ్లవ్ అంచు దానికి తగిలి, మనిషి ఉలిక్కిపడి చెయ్యి లాక్కోవడానికి పావు సెకను పట్టినా, ఈలోపు గుడ్డ నాలుగు చుట్లు చుట్టుకుపోతుంది. గుడ్డతోపాటు వేళ్లు. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, గాజులు, చేతికి కట్టుకున్న దారం, విరబోసుకున్న జుట్టు, అన్నిటికీ ఇదే లెక్క. చున్నీ తీసి పక్కన పెట్టమంటే మొహమాటపడే అమ్మాయిలుంటారు. అందుకని తలుపు దగ్గర మేం కాటన్ ఏప్రన్లు వేలాడదీశాం. నేనూ వచ్చీ రాగానే అదే వేసుకుంటాను.

సోల్డరింగ్ పొగలో సీసం ఉంటుందని పిల్లల్ని దూరం పెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ వేడికి సీసం ఆవిరి కావడం దాదాపు ఉండదు. కనిపించే పొగ ఫ్లక్స్‌లోని రోజిన్‌ది. అది ఆస్తమా తెప్పించగలదు కాబట్టి ఫ్యాన్, గాలి బయటికి పోయే ఏర్పాటు తప్పనిసరి. సీసం చేరేది చేతుల మీదుగా నోట్లోకి. సోల్డర్ ముట్టుకున్న చేత్తో సమోసా తినడం అసలు ప్రమాదం. సబ్బుతో చేతులు కడుక్కోండి.

“లేజర్ కట్టర్ ఏదైనా కోసేస్తుంది”

కోస్తుంది. కోయకూడనివి కూడా కోస్తుంది. కార్డ్‌బోర్డు, ప్లైవుడ్, ఎండీఎఫ్, యాక్రిలిక్ దానికి సరిపడేవి. పీవీసీ మాత్రం లోపలికి రాకూడదు. లేజర్ తగిలితే అందులోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. ఊపిరితిత్తులకు హాని, మిషన్ పట్టాలకు తుప్పు. చిక్కేమిటంటే పీవీసీ తన పేరు చెప్పుకుని రాదు. ఫోమ్‌షీటు, రెక్సిన్, సైన్‌బోర్డు స్టిక్కర్ వేషాల్లో వస్తుంది.

పర్సు చేద్దామని ఒక డిగ్రీ విద్యార్థిని తోలు అనుకుని ఒక ముక్క తెచ్చింది. దుకాణంలో తోలనే చెప్పారట. షెడ్డులోకి తీసుకెళ్లి, ఒక రాగి తీగ చివరను మంటలో ఎర్రగా కాల్చాను. దాన్ని ఆ ముక్క అంచుకి ఆనించి, కరిగి అంటుకున్న కొంచెంతో మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా వెలిగింది. క్లోరిన్ ఉంటే రాగితో కలిసి అలా రంగు మారుతుంది. ఇక నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి ముక్క మడిచి సంచిలో పెట్టుకుని, కత్తెరతో కోసి కుట్టుమిషన్ మీద కుట్టుకుంది. (ఈ పరీక్ష గాలి ఆడే చోట, తెలిసినవాళ్ల పక్కన ఉండి చెయ్యాలి.)

లేజర్ నడుస్తుంటే టీకి వెళ్లకూడదు. యాక్రిలిక్ అంటుకుంటే క్షణాల్లో మంట లేస్తుంది. ఈ ఒక్క నియమం మీరినవాళ్లకు మా దగ్గర ఆ మిషన్ వాడే అవకాశం కొంతకాలం ఉండదు.

“ఇదంతా ఇంజినీర్లకి, ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి”

ఈ అపోహ నన్ను బాగా బాధపెడుతుంది. అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ నీల్ గెర్షన్‌ఫెల్డ్ 1998లో మొదలుపెట్టిన ఒక కోర్సు నుంచి ఫ్యాబ్‌ల్యాబ్ అనే ఇలాంటి పనిశాల ఆలోచన పుట్టింది. ఎంఐటీ బయట ఆ తరహా తొలి ల్యాబు 2002లో ఏ మహానగరంలోనో కాదు, పుణె దగ్గర పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో వచ్చింది. డాక్టర్ కల్బాగ్ 1983లో స్థాపించిన ఆ ఆశ్రమం బడి మానేసిన పల్లె పిల్లలకు చేతిపని ద్వారా చదువు నేర్పేది. ఈ పనికి అసలు వారసులు వాళ్లే.

మన దగ్గర చింతకింది మల్లేశం గారున్నారు. చీర నూలును కొయ్యల చుట్టూ తిప్పి ఆసు పోయడానికి చెయ్యిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక, చదువు మధ్యలో ఆపేసిన ఆయన 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు మేకర్‌స్పేస్ లేదు. ఒక్కో భాగం కోసం ఏళ్ల తరబడి వెతుక్కున్నారు. పనిముట్లు, అడిగితే చెప్పే మనిషి ఒకే చోట దొరికి ఉంటే ఆ ఏళ్లలో ఎన్ని మిగిలేవోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మా దగ్గర చేతిపనిలో అందరికంటే నైపుణ్యం ఉన్న సభ్యుడు వడ్రంగి. ఇంజినీరింగ్ విద్యార్థులు ఉలి పట్టడం ఆయన దగ్గర నేర్చుకుంటారు.

“మిషన్లు కొనిస్తే చాలు, అదే నడుస్తుంది”

ఇది చాలదనడానికి అమెరికాలో 2006లో మొదలైన టెక్‌షాప్ అనే మేకర్‌స్పేస్ సంస్థ గట్టి ఉదాహరణ. కార్డు గీకే స్క్వేర్ రీడర్ తొలి నమూనా తయారైంది అక్కడే. అంత పేరున్నా 2017 నవంబరులో అమెరికాలోని దాని శాఖలన్నీ మూతపడ్డాయి. అద్దె, కరెంటు, జీతాలు సభ్యత్వ రుసుములతో తీరేవి కావు. మన బళ్లలో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు 20 లక్షల రూపాయల గ్రాంటుతో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. మంచిదే. ఆ తలుపులు రోజూ తెరుచుకోవాలంటే మాత్రం పనిముట్లు తెలిసిన మనిషి ఒకరు అక్కడే ఉండాలి. ఆ మనిషికి నెలనెలా జీతం అందాలి.

ఆ మనిషి రోజంతా చేసేదేమిటంటే, లేజర్ లెన్సు ఆల్కహాల్‌తో తుడుస్తుంది, చిల్లర్ నీళ్లు చూస్తుంది, లేత్ కింద రజను ఊడుస్తుంది, ఎం3 స్క్రూల డబ్బాలో కలిసిపోయిన ఎం4లను ఏరుతుంది. ప్రపంచంలోని ఫ్యాబ్‌ల్యాబులన్నీ ఒప్పుకున్న నియమావళిలో శుభ్రం చెయ్యడం, మరమ్మతు చెయ్యడం వాడేవాళ్ల బాధ్యతగానే రాసి ఉంది. అందుకే మా దగ్గర చీపురు కూడా పనిముట్ల గోడ మీదే ఉంటుంది.

మొదటిసారి వచ్చేవాళ్లు బూట్లు వేసుకుని రండి, చెప్పులతో లేత్ దగ్గరికి రానివ్వం. ఇంట్లో విరిగిన వస్తువు ఒకటి తెచ్చుకోండి, సులువైనదైతే మరీ మంచిది. ప్రతి మిషన్‌కీ విడిగా శిక్షణ ఉంటుంది, అది అయ్యాకే స్విచ్ వెయ్యాలి. శిక్షణ ఏ రోజుల్లో ఉందో ముందు ఫోన్ చేసి అడగండి.