ఒకే ఆయుధాగారం, రెండు సైన్యాలు: రష్యా–ఉక్రెయిన్‌ యుద్ధంలో ఎవరి చేతిలో ఏ ఆయుధం?

2022 ఫిబ్రవరి 24న సరిహద్దు దాటి ఉక్రెయిన్‌లోకి ప్రవేశించిన రష్యా సైనిక శకటాలపై తెల్లరంగుతో రాసిన ‘జెడ్‌’, ‘వి’ అక్షరాలు కనిపించాయి. కొద్ది రోజుల్లోనే ‘జెడ్‌’ రష్యాలో యుద్ధ సమర్థకుల చిహ్నంగా మారింది. అయితే ఆ అక్షరాల తొలి ప్రయోజనం గుర్తింపేనని రక్షణ విశ్లేషకులు అప్పుడే వివరించారు. ఎదుటి పక్షం వద్ద ఉన్నవీ అదే తరహా ట్యాంకులు, అదే తరహా సాయుధ శకటాలు. తమ వాహనాలపై తామే కాల్పులు జరుపుకోకుండా ఉండాలంటే ఏదో ఒక గుర్తు తప్పనిసరి. అనంతర కాలంలో ఉక్రెయిన్‌ సేనలు కూడా తమ శకటాలపై తెల్లని శిలువ గుర్తును వేసుకున్నాయి.

ఒకే ఆయుధాగారం నుంచి వచ్చిన ఈ రెండు సైన్యాల దారులు ఎక్కడ వేరయ్యాయి? కోట్ల రూపాయల విలువైన యంత్రాలను వేల రూపాయల పరికరాలు ఎలా నిలువరిస్తున్నాయి? దశాబ్దాలుగా సోవియట్‌ సంప్రదాయపు ఆయుధాలపై ఆధారపడిన భారత్‌కు ఈ ప్రశ్నలు పరాయివి కావు.

పుట్టిల్లు ఒక్కటే

1991లో సోవియట్‌ యూనియన్‌ విచ్ఛిన్నమైనప్పుడు ఆయుధాలతో పాటు ఆయుధ కర్మాగారాలు కూడా చీలిపోయాయి. టీ-64 ట్యాంకు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌ నగరంలో రూపుదిద్దుకోగా, టీ-72 రష్యాలోని నీజ్నీ తగీల్‌లో తయారైంది. రెండింటిలోనూ 125 మిల్లీమీటర్ల ఫిరంగి, దానికి గుండ్లు అందించే స్వయంచాలిత యంత్రం, ముగ్గురు సిబ్బంది ఉంటారు. 40 గొట్టాల నుంచి 122 మిల్లీమీటర్ల రాకెట్లను వరుసగా కురిపించే ‘గ్రాద్‌’, ఎస్‌-300 గగనతల రక్షణ వ్యవస్థ, మిగ్‌-29, సుఖోయ్‌-27 విమానాలు ఇరుపక్షాల వద్దా ఉన్నాయి.

ఈ వారసత్వంలో ఒక విషాదకర ఘట్టం ఉంది. 1994 నాటి బుడాపెస్ట్‌ ఒప్పందం ప్రకారం ఉక్రెయిన్‌ తన భూభాగంలోని అణ్వస్త్రాలను వదులుకుంది. ఆ దశాబ్దం చివర్లో సహజవాయువు బకాయిల కింద దూరశ్రేణి బాంబర్లను, సుమారు 575 కేహెచ్‌-55 క్రూయిజ్‌ క్షిపణులను రష్యాకు అప్పగించింది. 2022 నవంబరులో అదే తరహా క్షిపణుల శకలాలు ఉక్రెయిన్‌లో లభించాయి. అణు వార్‌హెడ్‌ తొలగించి, కేవలం ఉక్రెయిన్‌ రక్షణ క్షిపణులను వృథా చేయించేందుకే వాటిని ప్రయోగించి ఉండవచ్చని బ్రిటన్‌ రక్షణ శాఖ అంచనా వేసింది.

ట్యాంకు బలహీనత ఎక్కడ?

యుద్ధం తొలి వారాల్లో కీవ్‌ వైపు సాగిన రష్యా ట్యాంకు దళాలను నిలువరించడంలో భుజాన మోయగలిగే క్షిపణులు ప్రధాన పాత్ర పోషించాయి. అమెరికా అందించిన జావెలిన్‌ వాటిలో ముఖ్యమైనది. ప్రయోగించిన తర్వాత దానికి సైనికుడు దారి చూపనవసరం లేదు. ఎత్తుకు లేచి, కవచం పలుచగా ఉండే పైభాగంపై అది పడుతుంది. టీ-72 శ్రేణి ట్యాంకుల్లో గుండ్లు టరెట్‌ కిందే వలయాకారంలో పేర్చి ఉంటాయి. వాటికి నిప్పంటుకుంటే పేలుడు ధాటికి టరెట్‌ మొత్తం ఎగిరిపడుతుంది. అమెరికా తయారీ అబ్రామ్స్‌లో గుండ్లకు ప్రత్యేక అర ఉంటుంది. పేలుడు శక్తి వెలుపలికి పోవడంతో సిబ్బంది ప్రాణాలతో బయటపడే అవకాశం ఎక్కువ.

అయినా 2023 వేసవిలో ఉక్రెయిన్‌ చేపట్టిన ఎదురుదాడిలో జర్మనీ లెపర్డ్‌ ట్యాంకులు, అమెరికా బ్రాడ్లీ శకటాలు సైతం జపోరిజియా ప్రాంతంలో రష్యా పరచిన దట్టమైన మందుపాతరల మధ్య చిక్కుకుపోయాయి. యంత్రం ఎంత మేలైనదైనా దారి లేనిచోట ముందుకు కదలలేదని ఆ ఎదురుదాడి రుజువు చేసింది.

మూడు మిల్లీమీటర్ల తేడా

సోవియట్‌ శతఘ్నులు 152 మిల్లీమీటర్ల గుండ్లను పేలుస్తాయి. నాటో దేశాల శతఘ్నులవి 155 మిల్లీమీటర్లు. ఈ మూడు మిల్లీమీటర్ల తేడా ఉక్రెయిన్‌ సైన్యాన్ని పూర్తిగా కొత్త సరఫరా మార్గంపైకి మళ్లించింది. పాత గుండ్ల నిల్వలు తరిగిపోగా అమెరికా ఎం-777, ఫ్రాన్స్‌ సీజర్‌, జర్మనీ పీజడ్‌హెచ్‌-2000 శతఘ్నులు వచ్చాయి. వాటికి తగినన్ని గుండ్లు మాత్రం రాలేదు. ఏడాదిలో 10 లక్షల గుండ్లు అందిస్తామని 2023 మార్చిలో ప్రకటించిన ఐరోపా సమాఖ్య, గడువు నాటికి దాదాపు సగమే ఇవ్వగలిగింది. రష్యా తన కర్మాగారాల ఉత్పత్తిని పెంచుకోవడంతో పాటు ఉత్తర కొరియా నుంచి గుండ్లు తెప్పించుకుంది.

కొరతను కచ్చితత్వంతో పూడ్చుకునేందుకు ఉక్రెయిన్‌ ప్రయత్నించింది. 2022 జూన్‌లో అందిన హైమార్స్‌ ఇందుకు ఉదాహరణ. ట్రక్కుపై అమర్చిన ఈ వ్యవస్థ ఆరు రాకెట్లను 70 కిలోమీటర్లకు పైగా దూరంలోని లక్ష్యాలపై ప్రయోగించి, నిమిషాల్లో చోటు మారుస్తుంది. ఖెర్సాన్‌ వద్ద ఆంటోనివ్కా వంతెనను ఈ రాకెట్లు పదేపదే ఛేదించడంతో నదికి పశ్చిమాన ఉన్న రష్యా బలగాలకు సరఫరాలు కష్టమయ్యాయి. అదే ఏడాది నవంబరులో రష్యా ఆ నగరాన్ని ఖాళీ చేసింది. తర్వాత జీపీఎస్‌ సంకేతాలను రష్యా చెదరగొట్టడం నేర్చుకోవడంతో ఈ రాకెట్ల గురి కొంత తగ్గింది.

నింగిలో ఖరీదు లెక్క

విమానాల సంఖ్యలో రష్యాది స్పష్టమైన ఆధిక్యం. అయితే ఎదుటి గగనతల రక్షణ భయంతో దాని విమానాలు ఉక్రెయిన్‌ గగనతలం లోతుల్లోకి వెళ్లడం లేదు. పాత ఎఫ్‌ఏబీ శ్రేణి బాంబులకు రెక్కలు, దిశానిర్దేశక పరికరం అమర్చి సుఖోయ్‌-34 విమానాల నుంచి దూరంగానే జారవిడుస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో అవ్‌దీవ్కా పతనానికి ముందు ఉక్రెయిన్‌ స్థావరాలను ధ్వంసం చేసినవాటిలో ఈ బాంబులు ముఖ్యమైనవి.

ఇరాన్‌ రూపొందించిన షాహెద్‌-136 డ్రోన్లను రష్యా 2022 సెప్టెంబరు నుంచి వాడుతోంది. ఇప్పుడు ‘గెరాన్‌-2’ పేరుతో తాతర్‌స్తాన్‌లోని యెలాబుగాలో వాటిని తయారు చేస్తోంది. వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లే. ఇంజిన్‌ శబ్దాన్ని బట్టి ఉక్రెయిన్‌ ప్రజలు దీన్ని ‘మోపెడ్‌’ అని పిలుస్తారు. ఒక్కోదాని ఖరీదు 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. దీన్ని కూల్చేందుకు పేట్రియాట్‌ వ్యవస్థలోని ఆధునిక క్షిపణిని ప్రయోగిస్తే ఒక్కదానికే దాదాపు 40 లక్షల డాలర్లు ఖర్చవుతుంది. అందుకే రష్యా కింజాల్‌ వంటి వేగవంతమైన క్షిపణుల కోసం పేట్రియాట్‌ను అట్టిపెట్టుకుని, డ్రోన్లను ఎదుర్కొనేందుకు జర్మనీ గెపార్డ్‌ ఫిరంగులను, పికప్‌ ట్రక్కులపై అమర్చిన మెషిన్‌ గన్‌లను, ఇటీవల డ్రోన్లను ఢీకొట్టే డ్రోన్లను ఉక్రెయిన్‌ వినియోగిస్తోంది.

అరచేతి యంత్రాల యుద్ధం

యుద్ధరంగ స్వరూపాన్ని అన్నింటికంటే ఎక్కువగా మార్చినవి ఎఫ్‌పీవీ డ్రోన్లు. నాలుగైదు వందల డాలర్లకే సిద్ధమయ్యే ఈ యంత్రానికి ఆర్‌పీజీ-7 గ్రెనేడ్‌ కట్టి, కళ్లద్దాల్లో కనిపించే దృశ్యాన్ని బట్టి నడిపి, ట్యాంకుపైనో సైనికుడిపైనో కూల్చుతారు. రేడియో సంకేతాలను అడ్డుకునే పరికరాలు రావడంతో 2024 నుంచి సన్నని ఆప్టికల్‌ ఫైబర్‌ తీగను వెనుక విడుస్తూ ఎగిరే డ్రోన్లు రంగంలోకి దిగాయి. సంకేతం తీగలోనే ప్రయాణిస్తుంది గనుక దాన్ని అడ్డుకోవడం సాధ్యం కాదు. ప్రతిగా ట్యాంకులపై ఇనుప పంజరాలు, రహదారులపై వలలు వెలిశాయి. 2025 జనవరిలో ఉక్రెయిన్‌లో పౌర ప్రాణనష్టానికి, గాయాలకు ఇతర ఏ ఆయుధం కన్నా స్వల్పశ్రేణి డ్రోన్లే ఎక్కువగా కారణమయ్యాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల పర్యవేక్షణ బృందం వెల్లడించింది.

సముద్రంలోనూ ఇదే ధోరణి. 2022 ఏప్రిల్‌ 14న మునిగిపోయిన రష్యా నౌక ‘మోస్క్వా’ సోవియట్‌ కాలంలో ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో నిర్మితమైనదే. నిప్పంటుకుని ఆయుధాలు పేలాయని రష్యా ప్రకటించగా, రెండు నెప్ట్యూన్‌ క్షిపణులతో ఛేదించామని ఉక్రెయిన్‌ తెలిపింది. సోవియట్‌ కాలపు కేహెచ్‌-35 నమూనా ఆధారంగానే నెప్ట్యూన్‌ తయారైంది. తర్వాత పేలుడు పదార్థాలు నింపిన మానవరహిత పడవల దాడులు పెరగడంతో నల్లసముద్ర నౌకాదళంలో అధిక భాగాన్ని రష్యా సెవస్తపోల్‌ నుంచి నొవోరొసీస్క్‌కు తరలించింది.

భారత్‌కు ఎందుకు ముఖ్యం?

భారత సైన్యపు టీ-72, టీ-90 ట్యాంకులు, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 ‘శరత్‌’ శకటాలు ఈ కుటుంబానికి చెందినవే. వైమానిక దళం వాడే ఏఎన్‌-32 రవాణా విమానాలను కీవ్‌లోని ఆంటోనోవ్‌ సంస్థ రూపొందించింది. 2024 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్‌ తుశీల్‌ రష్యాలోని కలీనిన్‌గ్రాద్‌లో నిర్మితమైంది. దాని గ్యాస్‌ టర్బైన్‌ ఇంజిన్లు మాత్రం ఉక్రెయిన్‌వి. పరస్పరం యుద్ధం చేస్తున్న రెండు దేశాల పనితనం ఒకే నౌకలో ఇమిడి ఉంది. 2018లో కుదిరిన ఎస్‌-400 ఒప్పందంలోని ఐదు వ్యవస్థల్లో చివరి రెండింటి సరఫరా ఈ యుద్ధం కారణంగానే ఆలస్యమైంది.

2025 మేలో భారత్‌–పాకిస్థాన్‌ ఘర్షణలోనూ ఇరుపక్షాలు డ్రోన్లను విస్తృతంగా ప్రయోగించాయి. ఉక్రెయిన్‌ మైదానాల్లో తేలిన విషయం ఆ ఘర్షణలోనూ స్పష్టమైంది. ఎంత ఖరీదైన ఆయుధం ఉందన్నది ఒక్కటే ఇప్పుడు చాలదు. దాన్ని ధ్వంసం చేసే పరికరం ఎంత చౌక, ఖర్చయిన గుండును ఎంత త్వరగా భర్తీ చేయగలం, విడిభాగం ఏ దేశం నుంచి రావాలి అన్నవే యుద్ధ గమనాన్ని నిర్ణయిస్తున్నాయి.