టైగరును కొట్టవద్దు

పోయిన చలికాలంలో మా పక్కింటివాళ్ళు ఒక మగ కుక్కపిల్లను తెచ్చుకున్నారు. దానికి రెండు నెలలు. పిల్లలు టైగర్ అని పేరు పెట్టారు. నాలుగు రోజులు ముద్దుగా గడిచాయి. అయిదో రోజు టైగర్ బియ్యం మూట పక్కన ఒంటేలు పోసింది. పిల్లల నాయనమ్మ చీపురు తిరగేసి కొట్టింది. దాని మూతిని ఆ తడిలో అదిమింది. "ఇంకోసారి పోస్తే గోనెసంచిలో కట్టి ఊరవతల పడేస్తా" అంది. పిల్లలు ఒకటే ఏడుపు.

ఆమె బాధ నిజమే. వండుకునే చోటు, పిల్లలు పాకే చోటు శుభ్రంగా ఉండాలి. కుక్క దొడ్డికి పోయిన చోట పురుగుల గుడ్లు ఉంటాయి. అవి చేతికి అంటి నోట్లోకి పోతే మనకూ జబ్బు చేస్తుంది. కొన్ని రకాల పిల్ల పురుగులు వట్టి కాళ్ళలోంచి కూడా దూరతాయి.

కాని కొడితే ఏమవుతుంది? "ఇంట్లో పోయకూడదు" అని కుక్కపిల్లకు తెలియదు. "ఈమె చూస్తుండగా పోయకూడదు" అని మాత్రం తెలుస్తుంది. అప్పుడు మంచం కిందికి పోయి పోస్తుంది. రెండు నెలల పిల్ల పగలు రెండు గంటలు ఆపుకుంటే గొప్ప. మన చంటిపిల్ల పక్క తడిపితే కొడతామా?

దాన్ని మనమే బయటికి తీసుకుపోవాలి. నిద్ర లేవగానే ఒకసారి. తిన్న కాసేపటికి ఒకసారి. ఆడుకున్నాక ఒకసారి. మనం పడుకోబోయే ముందు ఒకసారి. కొన్నాళ్ళు నడిరాత్రి కూడా లేవక తప్పదు. రోజూ పెరట్లో ఒకే మూలకు తీసుకుపోండి. బావి దగ్గర, కూరపాదుల దగ్గర వద్దు. అది పోయగానే "శభాష్ రా" అని తల నిమరండి. చిన్న రొట్టెముక్క పెట్టండి. అక్కడే పెట్టాలి సుమా! ఇంట్లోకి వచ్చాక పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు.

నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే వెంటనే ఎత్తుకుని బయటికి నడవండి. ఇంట్లో పోసేస్తే ఏమీ అనకండి. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. గచ్చు అయితే సబ్బునీళ్ళతో బాగా కడగండి. మట్టి నేల అయితే పైమట్టి గీకి పారేసి అలకండి. ఫినాయిల్ తడి ఆరకముందు పిల్లను అటు పోనివ్వకండి. నాకితే దానికి హాని.

మగపిల్ల అయినా చిన్నప్పుడు వంగే పోస్తుంది. ఆరు నెలలు దాటాక కాలెత్తడం మొదలుపెడుతుంది. గుంజ మీద, సైకిలు చక్రం మీద కొంచెం కొంచెం పోస్తుంది. ఇది ఆపుకోలేక కాదు. "ఈ చోటు నాది" అని గుర్తు పెట్టడం. పశువుల డాక్టరు చేత విత్తులు తీయిస్తే చాలా కుక్కల్లో ఇది తగ్గుతుంది. పురుగుల మందు కూడా ఆ డాక్టరునే అడగండి. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క రోగం రాకుండా టీకా వేయించండి.

టైగరుకు అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు గోనెసంచి మాట వచ్చింది. ఇప్పుడది తెల్లవారక ముందే తలుపు గోకుతుంది. గడియ తీసేది ఆ నాయనమ్మే. "పో నాయనా, తొందరగా పోసి రా, చలేస్తోంది" అంటుంది.