ఎముక మూలుగ మార్పిడి తరువాత ఊపిరితిత్తుల సంరక్షణ

రక్త క్యాన్సర్, తలసేమియా వంటి జబ్బులకు చేసే ఎముక మూలుగ మార్పిడి మన దేశంలో 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది. 1986లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా ప్రారంభించింది. ఇప్పుడు హైదరాబాదు నిమ్స్‌లోనూ చేస్తున్నారు. చికిత్స ముగిసి ఇల్లు చేరాక ఎక్కువ కనిపెట్టుకోవలసిన అవయవాల్లో ఊపిరితిత్తులు ఒకటి.

మొదటి నెల: పాత మూలుగను మందులతో తీసివేస్తారు. కొత్తది తెల్ల కణాలను తయారుచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా బాక్టీరియా వల్ల, బూజు వల్ల న్యుమోనియా రావచ్చు.

రెండు, మూడు నెలలు: కణాల సంఖ్య పెరిగినా పోరాడే శక్తి పూర్తిగా రాదు. సైటోమెగలో వైరస్, న్యుమోసిస్టిస్ క్రిమి ఈ సమయంలోనే ఎక్కువగా దాడి చేస్తాయి. వీటి నివారణకు ఇచ్చిన మాత్రలను "బాగానే ఉన్నాను కదా" అని సొంతంగా ఆపకూడదు.

వంద రోజుల తరువాత: ఇతరుల మూలుగ పొందినవారిలో దాత కణాలు రోగి ఊపిరితిత్తుల సన్నని గాలి గొట్టాలను పరాయివిగా ఎంచి దెబ్బతీయవచ్చు. గొట్టాలు మచ్చకట్టి ఇరుకైపోతాయి. తరచుగా జ్వరం ఉండదు. పొడి దగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, అంతే. ఇంటివారు నీరసమనుకొని టానిక్కులతో కాలం గడుపుతారు. మచ్చకట్టిన గొట్టం మళ్ళీ తెరుచుకోవడం కష్టం. మిగిలిన భాగాన్ని కాపాడడమే చికిత్స. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి గాలి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్షకు పిలిచినప్పుడల్లా తప్పక వెళ్ళండి.

ఇంటిలో పాటించవలసినవి:

1. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, కొత్తగా దగ్గు, ఆయాసం వచ్చినా, ఆక్సిమీటరులో 94 లేక అంతకు తక్కువ చూపినా వెంటనే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. మా వద్దకు వస్తే గేటు దగ్గరే సంగతి చెప్పండి. ఓ.పి. వరుసలో కూర్చోవద్దు.

2. కాప్రాలో ఎక్కడ చూసినా ఇళ్ళు కూలగొట్టి కట్టడమే. ఆ దుమ్ములో, తడి గోడల మీద, పూలకుండీల మట్టిలో బూజు ఉంటుంది. పావురాల రెట్టను రోగి శుభ్రం చేయకూడదు.

3. సిగరెట్టు, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ ఇంటిలో వద్దు.

4. ఇంటివారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. రోగి టీకాలు డాక్టరు చెప్పిన వరుసలోనే వేయించాలి.

5. జలుబు, దగ్గు ఉన్నవారు పరామర్శకు వెళ్ళవద్దు. సంఘస్థులు గుంపుగా వెళ్ళి ప్రార్థించే బదులు ఫోనులో ప్రార్థించవచ్చు. వద్దని చెప్పిన ఇంటివారిని తప్పుపట్టకండి. వారు ఒక ప్రాణాన్ని కాపాడుకుంటున్నారు.